కెమెరా చవకే... మేతే ఖరీదు!

ఏనుగును కొనడం పెద్ద పనేం కాదు, దాన్ని మేపడమే పెద్ద పని. ఫిల్ముతో నడిచే పాత సినిమా కెమెరా కూడా అచ్చం అలాంటిదే!

సొంతంగా ఓ చిన్న సినిమా తీయాలి. ఫోనుతోనో, డిజిటల్ కెమెరాతోనో కాదు... గిర్రున తిరిగే రీలు మీద తీయాలి. కొత్తగా సినిమా నేర్చుకుంటున్న కుర్రకారులో ఈ కోరిక ఉన్నవాళ్లు తక్కువేం కాదు. రాత్రి పొద్దుపోయాక సెకండ్‌హ్యాండ్ కెమెరాల ఫొటోలు చూస్తూ కూర్చుంటారు. నల్లటి తోలు తొడుగు, మెరిసే లెన్సు, పక్కన తిప్పే కీ. ధర చూస్తే మంచి ఫోను ఖరీదే! 'ఇంతేనా?' అనిపిస్తుంది. చేయి బటన్ మీదకి వెళ్తుంది.

అక్కడ ఒక్క నిమిషం ఆగండి. రెండేళ్లు ఉద్యోగం చేసి, సినిమా కోసమని మీరో లక్ష రూపాయలు దాచారనుకుందాం. ఆ లక్షలో కెమెరాకి ఎంత పోవాలి? కెమెరాలో తిరిగే ఫిల్ముకి ఎంత మిగలాలి? ఈ లెక్క ముందు వేసుకున్నవాళ్లు సినిమా తీస్తారు. వేసుకోనివాళ్లకి షోకేసులోకి ఓ అందమైన వస్తువు దొరుకుతుంది. తేడా అంతే!

కొత్తవి ఎందుకు లేవు?

ముందు ఓ విషయం తెలుసుకోవాలి. సినిమా కెమెరాల్లో పేరున్న ఆరీ, పానావిజన్, ఆటాన్ కంపెనీలు 2011 నాటికే ఫిల్ము కెమెరాల తయారీకి దాదాపు స్వస్తి చెప్పి డిజిటల్‌కి మళ్లాయి. 2012 జనవరిలో కోడక్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెళ్లింది. 2013లో ఫ్యూజీ సినిమా నెగటివ్ తయారీ ఆపేసింది. మన దగ్గరా అంతే. హైదరాబాద్, చెన్నై యూనిట్లలో దశాబ్దాలపాటు పగలూ రాత్రీ తిరిగిన కెమెరాలు ఆ నాలుగైదేళ్లలోనే పెట్టెల్లోకి చేరిపోయాయి.

అయితే ఫిల్ము మాత్రం చచ్చిపోలేదు. కోడక్ కోలుకుంది. విజన్3 కలర్ నెగటివ్, ట్రైఎక్స్ బ్లాక్ అండ్ వైట్ రీళ్లు ఇప్పటికీ తయారుచేస్తోంది. అంటే పరిస్థితి ఏమిటంటే... మేత కొత్తది దొరుకుతుంది, ఏనుగు మాత్రం ముసలిదే! మీ చేతికొచ్చే కెమెరా వయసు పదిహేనేళ్లు ఉండొచ్చు, డెబ్బై ఏళ్లూ ఉండొచ్చు. కాబట్టి ఇది ఫోను కొన్నట్టు కొనే వస్తువు కాదు. పాత ఇల్లు కొన్నట్టు కొనాలి. గోడ తట్టి చూడాలి, పైకప్పు చూడాలి, వర్షం పడిన రోజు వెళ్లి చూడాలి.

ముందు కాగితం, తర్వాత కెమెరా

ఓ తెల్లకాగితం తీసుకోండి. లెక్క మొదలుపెడదాం.

సినిమా సెకనుకి 24 ఫ్రేముల వేగంతో నడుస్తుంది. 16 ఎంఎం ఫిల్ములో అడుగుకి 40 ఫ్రేములు. అంటే నిమిషానికి 36 అడుగులు ఖర్చు. 100 అడుగుల రీలు 2 నిమిషాల 46 సెకన్లలో అయిపోతుంది. 400 అడుగుల రీలు 11 నిమిషాలు వస్తుంది. అదే 35 ఎంఎంలో అడుగుకి 16 ఫ్రేములే. నిమిషానికి 90 అడుగులు తినేస్తుంది. 400 అడుగుల రీలు నాలుగున్నర నిమిషాలైనా రాదు. అన్నింటికన్నా చిన్నది సూపర్ 8. దాని 50 అడుగుల డబ్బా 24 ఫ్రేముల వేగంతో రెండున్నర నిమిషాలు నడుస్తుంది.

ఇప్పుడు మీరు పది నిమిషాల లఘుచిత్రం తీస్తున్నారనుకోండి. తెర మీద కనిపించే ఒక్కో నిమిషానికి నాలుగు నిమిషాలు షూట్ చేస్తారనుకుందాం. ఇది చాలా పొదుపైన లెక్క. మొత్తం 40 నిమిషాలు. 16 ఎంఎంలో అయితే 1440 అడుగులు. అంటే 100 అడుగుల రీళ్లు 15, లేదా 400 అడుగులవి 4. అలా కాకుండా నిమిషానికి పది నిమిషాలు తీసే చేయి మీదైతే 3600 అడుగులు, 400 అడుగుల రీళ్లు 9 కావాలి. 35 ఎంఎంలో అయితే పొదుపుగా తీసినా ఆ 3600 అడుగులు తప్పవు!

ఫిల్ము కొంటే సరిపోదు. దాన్ని ల్యాబ్‌లో కడగాలి. కడిగిన నెగటివ్‌ని స్కాన్ చేయించి కంప్యూటర్‌లోకి తెచ్చుకోవాలి. పంపడానికి, తెప్పించుకోవడానికి రవాణా ఖర్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఒకప్పుడు వీధి చివర టీకొట్టంత మామూలుగా వినిపించిన 'ల్యాబ్' అన్న మాట ఇప్పుడు వెతుక్కోవాల్సిన మాట అయింది. అందుకే కెమెరా అమ్మేవాడికన్నా ముందు ఫోను చేయాల్సింది ల్యాబ్‌కి! మీరు తీయబోయే సైజు ఫిల్మును కడుగుతారా? కలర్, బ్లాక్ అండ్ వైట్ రెండూనా? అడుగుకి ఎంత? కనీసం ఎన్ని అడుగులు పంపాలి? ఎన్ని రోజులకోసారి కడుగుతారు? స్కానింగ్ వాళ్లే చేస్తారా? ఈ జవాబులు రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇప్పుడు ఫిల్ము, కడగడం, స్కానింగ్, రవాణా నాలుగూ కలిపి ఒక్కో రీలుకి ఎంతవుతుందో రాయండి. మీకు కావాల్సిన రీళ్ల సంఖ్యతో గుణించండి. కింద వచ్చిన అంకె చూశాక కూడా మీ లక్షలో కెమెరాకి డబ్బు మిగిలిందా? అయితే ముందుకెళ్దాం. మిగల్లేదా? అప్పుడూ ముందుకెళ్దాం, కానీ దారి వేరు.

వాళ్లంతా కొన్నారా?

'గొప్పోళ్లంతా సొంత కెమెరాతోనే కదా మొదలుపెట్టారు' అనుకుంటాం. ఓసారి చూద్దామా?

సత్యజిత్ రే 'పథేర్ పాంచాలి' షూటింగ్ 1952లో మొదలైంది. రే అప్పటికి ఒక ప్రకటనల కంపెనీలో ఉద్యోగి. సెలవు రోజుల్లో షూటింగ్. కెమెరా అద్దెది. కెమెరామన్ సుబ్రత మిత్ర అంతకుముందు సినిమా కెమెరా పట్టినవాడే కాదు. బీమా పాలసీ మీద డబ్బు తెచ్చారు, గ్రామఫోన్ రికార్డులు అమ్మారు, భార్య నగలు తాకట్టు పెట్టారు. ఆ డబ్బులు కెమెరా కొనడానికి కాదు... సినిమా నడవడానికి. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ సాయంతో పూర్తయి 1955లో విడుదలైంది.

రాబర్ట్ రోడ్రిగ్జ్ తీసిన 'ఎల్ మరియాచి' 1992లో వచ్చింది. ఖర్చు సుమారు ఏడు వేల డాలర్లు. అందులో కొంత, మందుల పరీక్షలకి తన ఒంటినే అప్పగించి సంపాదించాడు. మరి కెమెరా? 16 ఎంఎం ఆరీఫ్లెక్స్. అదీ అరువు తెచ్చిందే! కెమెరా మోత వల్ల షాట్‌తో పాటు మాటలు రికార్డు చేయడం కుదరలేదు. షాట్ అయ్యాక కెమెరా ఆపి, అవే మాటలు మళ్లీ చెప్పించి టేపు మీద రికార్డు చేసుకున్నాడు. పెదాలు కలవని చోట ఎడిటింగ్‌లో వేరే షాట్ వేసి దాటించాడు.

క్రిస్టోఫర్ నోలన్ మొదటి సినిమా 'ఫాలోయింగ్' 1998లో వచ్చింది. 16 ఎంఎం బ్లాక్ అండ్ వైట్. ఖర్చు ఆరు వేల డాలర్ల ప్రాంతం. నటులకీ, పనిచేసేవాళ్లకీ వేరే ఉద్యోగాలు ఉన్నాయి. వారాంతాల్లో తీస్తూ ఏడాదిపాటు లాగారు. ఫిల్ము వృథా కాకూడదని ప్రతి సీనూ నాటకంలా ముందే బాగా రిహార్సల్ చేసి, ఒకటి రెండు టేకుల్లో ముగించారు. ఉన్న వెలుగుతోనే సర్దుకున్నారు. వాళ్లు పొదుపు చేసింది ముఖ్యంగా ఫిల్ము.

మరి సొంతంగా కొన్నవాళ్లు లేరా అంటే ఉన్నారు. జోనస్ మేకస్ అని లిథువేనియా నుంచి శరణార్థిగా 1949లో న్యూయార్క్ చేరాడు. దిగిన కొద్ది వారాలకే అప్పు చేసి బోలెక్స్ కెమెరా కొన్నాడు. ఇంట్లో తిండికి లేకపోయినా కెమెరానా అని మనవాళ్లయితే తిట్టేవారే. కానీ ఆయన దాన్ని దశాబ్దాలపాటు రోజువారీ డైరీలా వాడాడు. వీధి, మంచు, స్నేహితులు, పెళ్లిళ్లు... రోజూ కొన్ని సెకన్లు. ఆ ముక్కలే 1969లో 'వాల్డెన్' లాంటి సినిమాలయ్యాయి.

తేడా గమనించారా? ఒక కథ, కొన్ని రోజుల షూటింగ్ ఉన్నవాళ్లు కెమెరాని అద్దెకో, అరువుకో తెచ్చుకున్నారు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తీసుకునే మనిషి కొనుక్కున్నాడు. మీరు ఈ రెండింటిలో ఏ రకమో తేల్చుకోవడమే అసలు బేరం. ఒక్క సినిమాకైతే, పది రోజుల పనికైతే అద్దె కెమెరా చూడండి. లేదంటే ఫిల్ము ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకున్నవాళ్లనో, పాత కెమెరా ఉన్న మిత్రుడినో అడగండి. వారంవారం ఏదో ఒకటి తీస్తూ చేయి తిప్పుకోవాలనుకుంటే సొంతం చేసుకోండి.

ఏది కొనాలి?

కొనాలనే నిర్ణయించుకుంటే, తక్కువ డబ్బుతో తీసేవాళ్లకి 16 ఎంఎం మధ్యేమార్గం. ఇందులో సెకండ్‌హ్యాండ్ బజారులో తరచూ కనిపించేవి నాలుగు రకాలు.

మొదటిది క్రాస్నగోర్స్క్-3. మాస్కో దగ్గరి ఫ్యాక్టరీలో సోవియట్ కాలంలో తయారైంది. కీ తిప్పితే నడుస్తుంది, బ్యాటరీ అక్కర్లేదు. 100 అడుగుల రీలు పడుతుంది. అన్నింటిలోకీ చవక. మొండి మనిషి లాంటిది. చెప్పిన మాట వింటే బాగా వింటుంది, లేదంటే ఫిల్మును నలిపి ముద్ద చేసేస్తుంది.

రెండోది స్విట్జర్లాండ్ బోలెక్స్ హెచ్16. 1935 నుంచి ఉన్న జాతి. ఇదీ స్ప్రింగుతోనే నడుస్తుంది. ఒకసారి పూర్తిగా కీ ఇస్తే 24 ఫ్రేముల వేగంతో సుమారు 28 సెకన్లు తిరుగుతుంది. ఫిల్మును వెనక్కి తిప్పి ఒకదానిమీద ఒకటి బొమ్మ వేయొచ్చు. 1956 నుంచి వచ్చిన రిఫ్లెక్స్ మోడళ్లలో లెన్సులోంచే చూడొచ్చు. కాకపోతే చూపు కోసం మధ్యలో పెట్టిన గాజు దిమ్మ కొంత వెలుగును తినేస్తుంది. ఎక్స్‌పోజర్ లెక్కలో అది కలుపుకోవాలి.

మూడోది జర్మనీ ఆరీఫ్లెక్స్ 16 ఎస్‌టీ. 1952లో మొదలైన రకం. మోటారుతో నడుస్తుంది. మూడు లెన్సులు తిరిగే ముఖం. బొమ్మ కదలకుండా ప్రతి ఫ్రేమునీ సూదితో పట్టి నిలబెడుతుంది. 100 అడుగులు లోపలే పడతాయి, పైన మ్యాగజైన్ పెడితే 400.

నాలుగోది 1975లో వచ్చిన ఆరీఫ్లెక్స్ 16 ఎస్‌ఆర్. నిశ్శబ్దంగా నడుస్తుంది. 400 అడుగుల మ్యాగజైన్ ముందే లోడ్ చేసి పెట్టుకుంటే సెకన్లలో మార్చేయొచ్చు. మాటలు అక్కడికక్కడే రికార్డు చేయాలంటే ఈ రకం కావాలి. ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

మొదటి మూడూ మోత చేస్తాయి. అంటే మాటలకి డబ్బింగ్ తప్పదు. ఇది తెలుగువాళ్లకి భయపడాల్సిన విషయం కాదు. మన సినిమాలు ఎన్నో ఏళ్లపాటు 35 ఎంఎం ఆరీ టూసీ మీద తయారయ్యాయి. కుట్టుమిషన్‌లా టకటకమనే కెమెరా అది. మాటలన్నీ తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో చెప్పినవే. ఆ విద్య మనకి వెన్నతో పెట్టింది. మాటలు తక్కువున్న కథ రాసుకుంటే ఇంకా మంచిది.

ఇక్కడ రెండు మెలికలు. ఒకటి, చాలా పాత కెమెరాల్లో పళ్లచక్రాలకి రెండు వైపులా పళ్లుంటాయి. అవి రెండు వైపులా రంధ్రాలున్న ఫిల్ముకే పనికొస్తాయి. ఇప్పుడు ఎక్కువగా దొరికేది ఒకవైపు రంధ్రాలున్న 16 ఎంఎం. అది వేస్తే రెండో వైపు చీలికలు పీలికలు! మూత తీసి పళ్లు ఎన్ని వైపులున్నాయో చూడండి. రెండు, 'సూపర్ 16కి మార్చిన కెమెరా' అంటే ధర పెంచుతారు. రంధ్రాలు లేని పక్కదాకా బొమ్మను వెడల్పు చేయడం సూపర్ 16. ఈనాటి వెడల్పు తెరకి అది నప్పుతుంది. కానీ గేటు ఒక్కటే వెడల్పు చేసి, లెన్సు కూర్చునే చోటును పక్కకి జరపకపోతే బొమ్మ ఒక అంచున నల్లబడొచ్చు. రెండూ చేశారా అని అడగండి.

అమ్మేవాళ్లింట్లో అరగంట

చూడ్డానికి వెళ్తున్నారా? ఓ చిన్న టార్చి, స్టాప్‌వాచ్, పనికిరాని పాత ఫిల్ము ఓ పదిహేనడుగులు వెంట తీసుకెళ్లండి. గడువు దాటిన రీళ్లు కెమెరాతో పాటు 'ఫ్రీ' అని అంటగడుతుంటారు. వాటితో సినిమా తీయొద్దు కానీ, లోడింగ్ నేర్చుకోవడానికి బంగారం లాంటివి.

ముందు కెమెరా లోపల చూడండి. కొన్ని కెమెరాలు అలంకరణ వస్తువులుగా అమ్ముడవుతుంటాయి. బయట మెరుస్తాయి, లోపల ముఖ్యమైన ముక్కలు ఉండవు. ఫిల్ము వెళ్లే గేటు దగ్గర టార్చి వేయండి. గీతలు, తుప్పు, ఎండిపోయిన ఫిల్ము పొట్టు ఉన్నాయేమో వేలితో కాదు, కళ్లతో వెతకండి. ఫిల్మును వెనకనుంచి నొక్కే పలక నున్నగా ఉందా? లోపలి అద్దం మీద మరకలున్నాయా? అద్దాన్ని మాత్రం తుడవకండి. పై పూత పోతే దాని బతుకు అయిపోయినట్టే.

తర్వాత లెన్సు. వెనకనుంచి టార్చి వేసి ముందునుంచి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది బూజు. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి సముద్రపు తేమ ఉన్న ఊళ్లలో పెట్టెలో మూసిపెట్టిన లెన్సులకి ఇది మామూలు జబ్బు. పొగమంచులా మసకగా ఉన్నా, ఎపర్చర్ రేకులమీద నూనె ఉన్నా బేరం తగ్గాల్సిందే. లెన్సు బిగించే చోటు కదులుతోందా? అదీ చూడండి.

ఇక తెచ్చుకున్న పాత ఫిల్ము వేసి నడపండి. చప్పుడు ఒకే తాళంలో ఉండాలి. మధ్యలో రాగం మారితే ఏదో లోపం ఉన్నట్టే. బయటికి తీసిన ఫిల్మును వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. పొడుగునా గీత పడితే ఆ గీత మీ సినిమా మొత్తం పడుతుంది. రంధ్రాలు చిరిగితే ఇంకా ప్రమాదం. స్ప్రింగు కెమెరా అయితే పూర్తిగా కీ ఇచ్చి ఎన్ని సెకన్లు నడిచిందో చూడండి. మొదట్లో ఉన్న వేగం చివర్లోనూ ఉందా?

మోటారు కెమెరా అయితే బ్యాటరీ సంగతి అడగాలి. పాత బ్యాటరీలు ఎప్పుడో పోయి ఉంటాయి. 16 ఎస్‌టీకి 8 వోల్టులు, ఎస్‌ఆర్‌కి 12 వోల్టులు కావాలి. ప్లస్సూ మైనస్సూ తారుమారైతే కొన్ని కెమెరాల్లో లోపలి సర్క్యూట్ కాలిపోతుంది. అందుకని 'మా దగ్గర ఏదో అడాప్టర్ ఉంది, పెట్టి చూద్దాం' అంటే వద్దనండి. వెలుగు కొలిచే మీటర్లను కూడా నమ్మొద్దు. చాలా పాత మీటర్లు పాదరసం బ్యాటరీలతో నడిచేవి. ఆ బ్యాటరీలు ఇప్పుడు దొరకవు. విడిగా ఓ లైట్ మీటర్ కొనుక్కోవడమే మేలు.

అసలు పరీక్ష 100 అడుగులు

ఇంత చూసినా కెమెరా లోపలి నిజం కంటికి కనిపించదు. కొన్ని జబ్బులు ఫిల్ము కడిగాకే బయటపడతాయి. అందుకే బేరంలో ఒకే ఒక్క షరతు పెట్టండి. 'బయానా ఇస్తాను. ఒక 100 అడుగుల రీలు తీసి, కడిగించి చూసుకుంటాను. బాగుంటే మిగతా డబ్బు ఇస్తాను.' ఆ రీలు ఖర్చు మీదే. ఒప్పుకోకపోతే? అది నడిచే కెమెరా అని చెప్పే హక్కు అమ్మేవాళ్లకి లేదు. అలంకరణ వస్తువు ధర ఇస్తానని చెప్పి చూడండి!

ఆ 2 నిమిషాల 46 సెకన్లలో ఏం తీయాలి? పువ్వులు, పిల్లులు వద్దు. ఈ నాలుగూ తీయండి.

మొదట లెన్సుకి మూత పెట్టి, ఎండలో నిలబడి కొన్ని అడుగులు నడపండి. కడిగాక అక్కడ ఏ చారా, ఏ మచ్చా ఉండకూడదు. ఉంటే ఎక్కడో వెలుగు కారుతోందన్నమాట.

రెండోది స్థిరత్వం. గోడమీద ఓ పెద్ద ప్లస్ గుర్తు గీసి, స్టాండు మీంచి తీయండి. ఫిల్మును వెనక్కి తిప్పగలిగే కెమెరా అయితే, కెమెరాను కాస్త పక్కకి జరిపి, అదే ముక్క మీద మళ్లీ తీయండి. తెరమీద రెండు ప్లస్సుల మధ్య దూరం మారకూడదు. ఒకటి అటూ ఇటూ ఊగుతోందంటే కెమెరా ఫిల్మును సరిగ్గా పట్టి ఆపడంలేదు.

మూడోది ఫోకస్. అక్షరాలున్న కాగితం గోడకి అంటించి, టేపుతో కొలిచి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. కంటికి స్పష్టంగా కనిపించింది ఫిల్ముమీద మసకబారితే లెన్సుకీ ఫిల్ముకీ మధ్య దూరం తప్పిందన్నమాట. బోలెక్స్‌లో వాడే సీ మౌంట్‌కి ఆ దూరం పదిహేడున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో వెంట్రుకంత తేడా వచ్చినా, వెడల్పుగా చూపే లెన్సుల్లో బొమ్మ చెడుతుంది. ఉన్న ప్రతి లెన్సుకీ ఈ పరీక్ష చేయాలి.

నాలుగోది రాత్రి పరీక్ష. చీకట్లో వీధిదీపాన్ని తీయండి. దీపానికి పైకో కిందకో తోకలా వెలుగుచార కనిపిస్తే, ఫిల్ము కదులుతున్నప్పుడు షట్టర్ పూర్తిగా మూసుకోవడంలేదని అర్థం. ఇది మెకానిక్ మాత్రమే బాగుచేయగల జబ్బు.

మెకానిక్ అంటే గుర్తొచ్చింది. కెమెరా కొనేముందే మెకానిక్ దొరికాడో లేదో చూసుకోవాలి. కృష్ణానగర్‌లోనో, చెన్నై వడపళనిలోనో పాత యూనిట్లలో పనిచేసిన పెద్దవాళ్లని అడిగితే ఎవరో ఒకరు దారి చూపిస్తారు. ఓ పూట వాళ్లతో కూర్చోండి. కెమెరా విప్పడం, నూనె ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో... పుస్తకాల్లో దొరకని చదువు వాళ్ల చేతుల్లో ఉంది. ఆ చేతులకి వయసు మీద పడుతోంది. కెమెరాలకన్నా ముందు కనుమరుగయ్యేది ఆ పనితనమే.

విదేశాలనుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, రవాణా బీమా కూడా ధరలో కలపండి. తిప్పి పంపే అవకాశం ఉందో లేదో ముందే చదవండి. విమానంలో ఫిల్ముతో వెళ్తుంటే కడగని రీళ్లను లగేజీలో వేయొద్దు. చేతిసంచిలో పెట్టుకుని, స్కానర్‌లో పెట్టకుండా చేత్తో తనిఖీ చేయమని అడగండి. కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు ఒక్కసారికే ఫిల్మును పాడుచేయగలవు. నెల రోజుల కష్టం బెల్టుమీద ఒక్క నిమిషంలో పోతుంది.

లక్షని ఎలా పంచాలి?

మళ్లీ మన లక్ష దగ్గరికి వద్దాం. చాలామంది చేసే పని ఏమిటంటే, ఎనభై వేలు పెట్టి నచ్చిన కెమెరా కొంటారు. మిగిలిన ఇరవైతో రెండు మూడు రీళ్లు తీస్తారు. ఆ తర్వాత ఫిల్ముకి డబ్బుల్లేక కెమెరా అల్మరాలో కూర్చుంటుంది. ఏడాది తర్వాత అదే కెమెరా 'తక్కువ వాడినది' అంటూ మళ్లీ అమ్మకానికి వస్తుంది. ఇంకో కుర్రాడు కొంటాడు. కెమెరాలు చేతులు మారుతుంటాయి, సినిమాలు మాత్రం రావు!

మా సూత్రం ఇది. చేతిలో ఉన్నదాంట్లో మూడో వంతుకి మించి కెమెరాకి పెట్టొద్దు. ఓ పదో వంతు మరమ్మతుకని పక్కన పెట్టండి. ముట్టుకోవద్దు. మిగిలిందంతా ఫిల్ముకీ, ల్యాబ్‌కీ. ఈ లెక్కలో మీకు నచ్చిన కెమెరా రాకపోతే దానికన్నా చవకది చూడండి. అదీ రాకపోతే అద్దెకి తెచ్చుకోండి. ఏ దారిలో వెళ్లినా రీళ్ల సంఖ్యని మాత్రం తగ్గించకండి. తెరమీద ప్రేక్షకుడికి కెమెరా పేరు కనిపించదు. రీలులో ఉన్నదే కనిపిస్తుంది.

'ఇంత తలనొప్పి ఎందుకు, డిజిటల్ ఉందిగా' అనేవాళ్లు ఉంటారు. వాళ్లు చెప్పేదాంట్లోనూ నిజం ఉంది. కథ చెప్పడానికి ఫోను చాలు. ఫిల్ము ఎంచుకునేవాళ్లకి దక్కేది మరొకటి. 2 నిమిషాల 46 సెకన్లే చేతిలో ఉన్నాయని తెలిసినప్పుడు మనిషి మారతాడు. నటుడితో ముందే మాట్లాడతాడు. వెలుగు కోసం సాయంత్రందాకా ఆగుతాడు. 'స్టార్ట్' అనేముందు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఈ అలవాటు ఒక్కసారి ఒంటబడితే, రేపు చేతిలోకి ఏ కెమెరా వచ్చినా పోదు.

కాబట్టి ఈ ఆదివారం చేయాల్సిన పని కెమెరా వెతకడం కాదు. కథలో ఎన్ని షాట్లున్నాయో రాయండి. ఒక్కో షాట్ ఎన్ని సెకన్లో పక్కన రాయండి. కూడండి. అడుగుల్లోకి మార్చండి. రీళ్లెన్నో తేలుతుంది. ఆ కాగితం జేబులో పెట్టుకుని బేరానికి వెళ్లండి. అప్పుడు అమ్మేవాళ్లు కెమెరా గురించి ఎంత గొప్పగా చెప్పినా, మీరు అడిగే ప్రశ్న ఒక్కటే ఉంటుంది...

'ఇది కొన్నాక నా రీళ్లకి డబ్బులు మిగులుతాయా?'